ఆత్మకూర్ కర్లింగ్ ప్రేక్షకుల సంఘం వారి ఫిర్యాదు

ఆత్మకూర్,
ఏప్రిల్ 1, 2024.

కొత్తకోటలోని నిహారిక కేబుల్ ప్రసారాల కార్యాలయం మేనేజరు శ్రీ నరహరి గారి సముఖమునకు,

ఆత్మకూర్ చేనేత సంఘం మాజీ కార్యదర్శి ధర్మయ్య మర్యాదతోనూ, అంతకు మించిన ఆగ్రహంతోనూ తెలియజేయునది.

ఫోనులో చెప్పిన మాటకు నకలు మిగలదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నిన్న సాయంత్రం నుండి మా టీవీలో ఆటల ఛానలు మూతపడింది. అందులో ప్రపంచ కర్లింగ్ జట్ల పోటీలు జరుగుతున్నాయి. తమకు తెలియకపోవచ్చు గనుక వివరిస్తాను. జట్టుకు నలుగురు. ఒకరు నున్నని బరువైన రాయిని మంచు మీద జారవిడుస్తారు. ఇద్దరు ఆ రాయికి ముందు మంచును కుంచెలతో రుద్దుకుంటూ పోతారు. నాలుగవవారు అవతలి కొసన నిలబడి అరుస్తారు. రాయి రంగు వలయాల నడుమ ఆగాలి.

ఇది చూడడానికి మా ముందు గదిలో రోజూ ఇరవై ఇద్దరం కూర్చుంటాము. అందరమూ మగ్గం మీద బతికినవారమే. దేశాల పేర్లు పట్టించుకోము. చొక్కాల రంగును బట్టి జట్టును ఎంచుకుంటాము. ఇక గెలుపు లేదని తెలిసిన జట్టు ఆట ముగియకముందే చేయి కలిపి వెళ్లిపోతుంది. ఇరవై ఏళ్ల సంఘం ఎన్నికల్లో నేను ఇటువంటి దృశ్యం ఎరుగను. అది చూసి మా అంజయ్య కంటతడి పెట్టాడు. ఆయన మూడు ఎన్నికల్లో ఓడిపోయి మూడుసార్లూ కోర్టుకు పోయినవాడు.

ఆదివారం ఫైనలు. ఈలోగా ఛానలు పునరుద్ధరించగలరు.

ఇట్లు, మీ సేవాలోపంతో బాధితుడు,
ధర్మయ్య,
అధ్యక్షుడు, కర్లింగ్ ప్రేక్షకుల సంఘం (ఇంకా నమోదు కాలేదు).

తా.క.: రోజూ ఇరవై ఇద్దరికీ చాయ్ పెట్టే నా భార్య ఆండాళు ఈ విపత్తును ఆశ్చర్యకరమైన నిబ్బరంతో భరిస్తున్నది.

•

కొత్తకోట,
ఏప్రిల్ 2.

గౌరవనీయ చందాదారులు ధర్మయ్య గారికి,

తమరి వర్ణనను కూలంకషంగా పరిశీలించాము. తెల్లని నేల, రుద్దేవారు ఇద్దరు, అజమాయిషీ చేసేవారు ఒకరు. ఇది నేల తుడిచే సామగ్రికి సంబంధించిన వ్యాపార ప్రకటన అని నిర్ధారించడమైనది. ప్రకటన రాకపోవడం లోపంగా పరిగణింపబడదు. అయినను తమరి మనస్తాపానికి ఉపశమనంగా ఒక వంటల ఛానలును నెల రోజులు ఉచితంగా జోడించాము.

సదా తమరి సేవలో,
నరహరి, మేనేజరు.

తా.క.: ఆ సామగ్రి పేరు తెలుపగలరు. మా కార్యాలయం మెట్లు చాలా మాసినవి.

•

ఆత్మకూర్,
ఏప్రిల్ 3.

మేనేజరు నరహరి గారికి,

తమరి ఉత్తరాన్ని సంఘ సమావేశంలో చదివి వినిపించాను. ఇద్దరు సభ్యులు లేచి వెళ్లిపోయారు, కోపంతో.

అయ్యా, గంజి పెట్టిన పడుగు నూలును వీధి పొడవునా సాచి, అది ఆరకముందే కుంచెతో దువ్వడం తమరు ఎప్పుడైనా చూశారా? ఇద్దరి చేతులు ఒకే ఊపున నడవాలి. ఒకరు వెనుకబడితే పోగులు అంటుకుంటాయి, చీర పాడవుతుంది. ఆ మంచు మీద జరిగేది అదే పని. నలభై ఏళ్లు కుంచె పట్టిన మా రామచంద్రం, ఛానలు మూతపడక ముందు ఒకనాడు నీలం చొక్కాల జట్టును చూసి, "గా వెనుకోడు కుంచె ఎత్తి పడుతాండు. గిప్పుడు రాయి పక్కకు పోతది సూడు," అన్నాడు. రాయి పక్కకే పోయింది. ఈ విద్యను తమరు మెట్లు కడిగే పనిగా నిర్ధారించారు.

పని విలువ మాకు తెలియదనుకోవద్దు. మా ఇంట్లోనే ఒక పెండ్లి చీర పడుగు పది రోజులుగా కుంచె కోసం ఎదురుచూస్తున్నది. పోటీలు ముగియగానే తప్పక చేస్తామని ఆండాళుకు లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి ఉన్నాను.

తీవ్ర అభ్యంతరంతో,
ధర్మయ్య.

తా.క.: తమరి వంటల ఛానలు కారణంగా నిన్న పెరుగులో ఉడికించిన సొరకాయ తినవలసి వచ్చింది. దీనిని కూడా ఫిర్యాదులో చేర్చగలరు.

•

కొత్తకోట,
ఏప్రిల్ 4.

గౌరవనీయ ధర్మయ్య గారికి,

పడుగు, గంజి ప్రస్తావనలు ఉన్నందున, తమరి ఉత్తరం నకలును "మంచు మీద పడుగు దువ్వే నూతన విధానం" అను శీర్షికతో చేనేత అధికారులకు పంపాము. వారు తనిఖీకి రావచ్చును. మంచు సిద్ధంగా ఉంచుకొనగలరు.

మా మెకానిక్ రాజేశ్ నిన్న మధ్యాహ్నం తమరు లేని సమయంలో ఇంటికి వచ్చి పరిశీలించాడు. ఛానలు చక్కగా వస్తున్నది. కాని తెర మీద నాలుగంకెలు అడుగుతున్నది. అది ఇంటి రిమోటుతో ఇంటివారే వేసే తాళం. తమరి భార్య అతనికి చాయ్ ఇచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, టైముకు అదే అస్తది," అన్నట్లు అతని నివేదికలో ఉన్నది. దీని భావం కార్యాలయానికి బోధపడలేదు. కుటుంబానికి ముఖ్యమైన నంబరు ఏదైనా వేసి చూడగలరు.

సదా తమరి సేవలో,
నరహరి.

తా.క.: సొరకాయ గురించిన ఫిర్యాదు మా పరిధిలోకి రాదు.

•

ఆత్మకూర్,
ఏప్రిల్ 5.

నరహరి గారికి,

తాళం తమరు వేసి, నింద నా ఇంటి మీద వేస్తారా? నా ఇంట్లో దొంగలు లేరు.

అయినను తమరి సలహాను పరీక్షించాను. నా జీవితంలో ముఖ్యమైన నాలుగంకెల సంఖ్యలు మొత్తం పదకొండు. సంఘం స్థాపించిన సంవత్సరం, నేను కార్యదర్శినైన సంవత్సరం, దిగిపోయిన సంవత్సరం, నా మొదటి మోటారు సైకిలు నంబరు వగైరా. పదకొండూ తిరస్కరింపబడినవి. కనుక ఆ అంకెలు నా కుటుంబానికి సంబంధించినవి కావని రుజువైనది.

ఆదివారం ఉదయం ఏడు గంటల బస్సుకు ఇరవై ఇద్దరమూ కుంచెలతో బయలుదేరి వచ్చి తమరి కార్యాలయం మెట్ల మీద ధర్నాకు కూర్చుంటామని ఇందుమూలముగా నోటీసు ఇస్తున్నాను.

రాజీ లేని,
ధర్మయ్య.

తా.క.: కుంచెలు కేవలం నిరసన చిహ్నాలు. మెట్లను మేము ముట్టుకోము.

•

ఆత్మకూర్,
ఏప్రిల్ 8.

నరహరి సారుకు ఆత్మకూర్ ఆండాళు దండం పెట్టి రాయించేది,

మా కోడలు ఉష రాస్తాంది. తప్పులుంటే ఆమెయి, మాటలు నాయి.

మీ ఆఫీసుల ఎవ్వరి తప్పు లేదు సారూ. తాళం నేనే ఏసిన. పెండ్లి పిల్ల తల్లి రెండుసార్లు వచ్చి పోయింది, చీర ఏదని. ఏం చెప్పాలె? ఎక్కడో మంచు మీద కుంచె పట్టుడు తప్పయిందని తీర్పు చెప్పెటోళ్లు ఇరవై రెండు మంది ఉన్నరు, మా గల్లీల పడుగుకు కుంచె పట్టెటోడు ఒక్కడు లేడు.

నిన్న పొద్దుగాల అందరు కుంచెలు పట్టుకొని మీ మీదికి వచ్చుటానికి మా వాకిట్ల జమైండ్రు. బస్సుకు ఇంక గంట ఉండె. "చేతుల కుంచెలు ఉండనే ఉండె. బస్సు వచ్చేదాక జర పడుగు పట్టుండ్రి," అన్న. గంజి రాత్రే కాచి పెట్టిన. పడుగు సాచిండ్రు. రామచంద్రం అవతలి కొసకు నిలవడి "గట్టిగ, గట్టిగ" అని టీవీల లెక్కనే అర్సిండు. బస్సు వచ్చింది, హారను కొట్టింది, పోయింది. ఒక్కడు తల ఎత్తలే. ఒక్క పోగు తెగలే.

పని కాంగనే నేను లోపలికి పోయి తాళం తీసిన. ఫైనలు చూసిండ్రు. మావోళ్ల ఎర్ర చొక్కాలు ఓడినయి. అంజయ్య లేచి అందరితోని చెయ్యి కలిపిండు. కోర్టుకు పోత అనలే.

ఛానలు ఉండనీయుండ్రి, మంచి ఆటనే. తాళం గూడ ఉండనీయుండ్రి. వచ్చే నెల ఇంకో పడుగుంది.

ఉంట,
ఆండాళు.

తా.క.: ఆ నాలుగంకెలు మా పెండ్లయిన సంవత్సరం. ఆయనకు చెప్పకుండ్రి. ఇంకా పన్నెండోది ఏందని సోంచాయిస్తాండు.