బాక్సు కోసం వెనక్కి పోయిన పిల్ల

అమ్మాయ్ రోహిణీ, పప్పు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను. నేను జోషిత బడికి పోతన్నా. రెండింటికి దాని క్లాసురూములోనే మీటింగు.

నిన్న ఫైరు డ్రిల్లులో గంట కొడితే పిల్లలంతా బయటికి ఉరికారు. మనది మాత్రం టిఫిను బాక్సు కోసం వెనక్కి పోయింది. నువ్వది ఫోనులో, క్లాసురూము కెమెరాలో చూసి, ఇంటికి రాగానే వీపు మీద రెండు అంటించావు. ఏందే, ఎందుకు పోయావని అడిగావా? నేనడిగా, నానమ్మ తిడతదని పోయిందంట. పోయిన నెల బాక్సు పారేసుకొస్తే, ఇంకోసారి అది లేకుండా గడప తొక్కొద్దన్నది నేనే. మీ ఆయన కూడా రెండో తరగతిలో జోరువానలో పలక కోసం వెనక్కి పోయినోడే. ఆ తిట్లూ నావే.

తప్పు నాదని దానికి చెప్పా. గంట కొడితే అన్నీ వదిలేసి ఉరకమన్నా. మీటింగులోనూ అడుగుతా. డ్రిల్లుకి ముందురోజే కబురు పెడితే ఇంట్లో మేమూ నేర్పుతాం. కెమెరా గేటుకి పెట్టుకోండి, పసిపిల్ల తడబడితే తల్లులందరూ ఫోనుల్లో చూడాలా అంటా. ఒప్పుకోక ఏం చేస్తారు!

సాయంత్రం దాన్ని కాస్త దగ్గరికి తీసుకో.

ఇంకోటి. రెండింటికి ఫోను తెరువు, ఆకుపచ్చ చీరలో కెమెరాకి ఎదురుగానే కూర్చుంటా. నాకైతే నువ్వు కనపడవు. అన్నం తిన్నావో లేదో ఇంటికొచ్చి అడిగే తెలుసుకుంటా.