లిఫ్టులో దొరికిన మేడమ్

అమ్మడూ, నేను బాగానే ఉన్నాను, కార్డు చూసి కంగారు పడకు. మా కంపెనీలో ఉద్యోగాలిచ్చే మేడమ్‌కి నీ రెజ్యూమె చూపించాను. ఆవిడ ఎక్కగానే పన్నెండు అంతస్తుల బటన్లూ నొక్కేశాను, లిఫ్టు నడిపేది నేనే కదా!

"ఏంటయ్యా, అన్నిచోట్లా ఆగుతోంది?" అంది.

"దానికి మొహమాటం మేడమ్, ఏ అంతస్తునీ కాదనలేదు" అని కాయితం చేతిలో పెట్టాను.

నవ్వేసి, "ముందు చదివేది మేం కాదు, కంప్యూటర్. ఈ రంగుల గడులు దానికి అర్థం కావు. మా ప్రకటనలో ఉన్న మాటలు కనబడితేనే మా దాకా పంపిస్తుంది" అంది.

ఆ గడులు పెట్టమన్నది నేనే కదే! నా బుర్ర తిరిగిపోయింది. అంత పెద్ద కంప్యూటరూ నాలాగే తెలిసిన మాటలు వెతుక్కుంటూ కూడబలుక్కుంటుందా? అదీ ఐదో క్లాసులోనే మానేసిందా?

గడులు తీసేయ్. నువ్వు చేసిన ప్రాజెక్టు సంగతి ప్రకటనలోని మాటలతోనే రాయి, చేయనిది రాయకు. ఇరవయ్యో తారీఖు దాటితే దరఖాస్తులు తీసుకోరట. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? నా గొడుగు అక్కడుందేమో చూడు.

నీ చదువు నాకెటూ అర్థం కాలేదు, ఆ కంప్యూటర్‌కైనా అర్థమవ్వాలని దీవిస్తూ,
మీ మావయ్య