ఎనిమిదింట నాలుగు వంతులు

తిరువూరు, 1-7-1974
చిరంజీవి ప్రేమకుమారికి మీ నాన్న దేవానందం దీవెనలు.
నువ్వు పంతులమ్మవి, నేను నీకు బడి సామాను చేసేవాణ్ణి. ఈ సంతోషం పట్టలేక సంతలో తెలియనివాళ్లకి కూడా చెప్పాను. చెక్కను గుండ్రంగా కోసి ఎనిమిది సమాన ముక్కలు చేశాను. ఎనిమిదింట ఏడు వంతుల్లోంచి ఎనిమిదింట మూడు వంతులు తీసే లెక్క అన్నావు గదా. నీకు శ్రమెందుకని తీసివేత ఇక్కడే చేసేసి, మిగిలిన నాలుగు ముక్కలూ బస్సులో పంపుతున్నాను.
నీ మేలు కోరే నాన్న
మరో మాట: తీసేసినవి మీ అమ్మ పొయ్యిలో పెట్టింది. పులుసు బాగా కుదిరింది.

రెడ్డిగూడెం, 4-7-1974
నాన్నకు ప్రేమ వందనాలు.
తీసివేత పిల్లల ఎదుట చెయ్యాలి నాన్నా. ఎనిమిదీ కావాలి. ఒకటి పక్కన పెడితే ఏడు, అందులో మూడు తీస్తే నాలుగు. పిల్లలు పైన నాలుగు సరిగ్గానే వేస్తారు, ఆ ఊపులో కింద ఎనిమిదిలోంచి ఎనిమిది తీసేసి సున్నా పెడతారు. నెల నుంచి చెప్పి చెప్పి గొంతు పోయింది. పన్నెండో తారీకున ఇన్‌స్పెక్టరు గారు ఈ పాఠమే చూస్తారట. ఆయనకు నచ్చితేనే నా ఉద్యోగం పర్మనెంటు.
అలసిపోయిన మీ కూతురు
మరో మాట: సంచి విప్పగానే ముక్కలు గలగలా కింద పడ్డాయి. "బండి చక్రాల దేవానందం పనేనా ఇది?" అని హెడ్మాస్టరు గారు నవ్వారు.

తిరువూరు, 8-7-1974
చిరంజీవి ప్రేమకు దీవెనలు.
నలభై ఏళ్లలో వినగడప దాకా నా చక్రం ఊడిందన్నవాడు లేడు. మన ప్రభువు కూడా వడ్రంగి ఇంట్లోనే పెరిగాడు, ఆయన చేసిందీ ఊడి ఉండదు. అందుకని ఈసారి ఎనిమిది ముక్కలూ పలక మీద పేర్చి, ముక్కకు రెండేసి చక్రం మేకులు దిగ్గొట్టి, వెనకాల మొనలు వంచేశాను. ఆపైన మొత్తానికి ఎర్ర రంగు వేశాను. హెడ్మాస్టరు గారిని ఒక్క ముక్క కదిలించమను.
పరువు దక్కిన నాన్న
మరో మాట: బరువు చూసి కండక్టరు దానికి అర టిక్కెట్టు కొట్టాడు.

రెడ్డిగూడెం, 12-7-1974
నాన్నకు వందనాలు. చేతులు నొప్పి, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి.
నిన్న పక్కన పెట్టాల్సిన ఒక్క ముక్క పీకేసరికి మా బడిలోని కృపానందం మేస్టారి అరచెయ్యి బొబ్బలెక్కింది. లెక్కలో తీయాల్సిన మూడూ ఇవాళ పిల్లల ఎదుటే పీకాం. ఆయన పటకారు పట్టారు, నేను పలక పట్టాను, చివరికి ఇన్‌స్పెక్టరు గారు కోటు విప్పి నాకు సాయం పట్టారు. ముక్క ఊడిన చోటల్లా రంగు అంటని తెల్లటి గడి, రెండు చిల్లులు. ఇక ఓపిక లేక "ఎంత మిగిలింది?" అన్నాను. ఎప్పుడూ సున్నా పెట్టే జోజమ్మ లేచింది. "ముక్కలు నాలుగే టీచర్. గళ్లు మాత్రం ఎనిమిదీ ఉన్నాయి. ఎనిమిదింట నాలుగు." క్లాసంతా అదే రాసింది. నేను నెలరోజులు చెప్పలేనిది మీ మేకులు చెప్పాయి.
మీ పర్మనెంటు పంతులమ్మ
మరో మాట: ఇన్‌స్పెక్టరు గారు ఇంకో బడికి ఇలాంటిదే కావాలన్నారు. చిన్న మేకులు కొట్టమన్నారు.

తిరువూరు, 15-7-1974
పర్మనెంటు పంతులమ్మకు కోటి దీవెనలు.
నీ ఉత్తరం జేబులో పెట్టుకునే ఆదివారం గుడికి వెళ్లాను. పాస్టరు గారు ప్రసంగం ఆపి మరీ చదివారు. చిన్న మేకులు మాత్రం నా వల్ల కాదని చెప్పు.
నీ నాన్న
మరో మాట: నీకు కుర్చీ చేస్తున్నాను. నేనే వచ్చి దాన్ని బడి నేలకు మేకులతో బిగిస్తాను. నిన్నెవరు ట్రాన్స్‌ఫర్ చేస్తారో చూద్దాం.