రెండో దొంగ

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ చేస్తే నాకు వినపడదు, మెసేజ్‌ల్లో ఆ చీమల్లాంటి అక్షరాలు నాకు పడవు. మనకి ఉత్తరాలే దిక్కు.

మీ బావ పోయి రేపటికి పదకొండు నెలలు. కళ్ళద్దాల షాపు ఎలాగో లాక్కొస్తుంటే ఇప్పుడు కంప్యూటర్ మొరాయించింది. పోయిన వారం ఎవరో కొత్త ఫ్రేముల జాబితా అని పంపితే తెరిచాను, అప్పటినుంచే ఈ గోల. ఒక్క పేజీ తెరుచుకునేలోపు ఇల్లు ఊడ్చి రావచ్చు. చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. వీధి చివర మెకానిక్ "మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దామమ్మా" అన్నాడు. నా షాపు గుమ్మం తొక్కొద్దన్నాను. ఆ కంప్యూటర్‌లో మీ బావ ఎక్కించిన ప్రతి మనిషి కంటి నంబరూ ఉంది, పక్కన ఆయన వేళాకోళాలతో సహా. "ఈ పెద్దమనిషికి ఫ్రేము కాదు, ముక్కే వంకర" అని ఒకచోట. ఆయన నవ్వు ఇంకెక్కడా మిగల్లేదురా.

ఇంకో మాట కడుపులో ఉంది. ఆసుపత్రికి వెళ్ళే రెండు రోజుల ముందు ఆయన వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని నీతో మాట్లాడుతుంటే, అద్దం తలుపు అవతల నుంచి పెదాలు చదివాను. "తొందరపడి రాకు. నిదానంగా రా. నేనెక్కడికీ పోను" అన్నారు. నువ్వు ఆ మాట నమ్మి ఆగిపోయావు, చివరిచూపు దక్కలేదు. అలా అన్నందుకు ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

ఏమీ తుడవనివ్వకు. ముందు ఇంటర్నెట్ వైరు పీకెయ్.

మా కంప్యూటర్ రిపేరు షాపులో అందరికీ ఇచ్చే కాగితం ఇందులో పెట్టాను, అందులో ఉన్నట్టే చెయ్యి. సంగతి ఇంతే. కంప్యూటర్ నడవడానికి కావలసిన ఫైలు ఒకటుంటుంది. వైరస్ దాని పేరే తగిలించుకుని లోపలికి దూరుతుంది. కాబట్టి పేరు చూసి నమ్మకు, చోటు చూడు. అసలుది సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటుంది, దాని జోలికి పోకు. అదే పేరుతో ఇంకెక్కడ కనిపించినా దొంగే, తీసెయ్. తీసేసిన చోటు మళ్ళీ మళ్ళీ చెరిపే ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. అది నడిపితే ఇక దేవుడు దిగొచ్చినా ఆ ఫైలు తిరిగి రాదు.

బావ మీద కోపం పెట్టుకోకక్కా.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మీ అక్కంటే ఏమనుకున్నావు! ఒక దొంగ ఉన్నాడన్నావు, ఇద్దర్ని పట్టాను. మొదటిది తాత్కాలిక ఫైళ్ళలో నక్కి ఉంది. రెండోది మహా గడుసుది, ఏకంగా మీ బావ కంటి నంబర్ల ఫోల్డర్‌లోనే కూర్చుంది. మిగతావన్నీ కలిపినా దానంత లావు లేవు. తేదీ చూద్దును కదా, ఆయన ఆసుపత్రికి వెళ్ళే రెండు రోజుల ముందుది. మనిషి మంచాన పడ్డ ఇంట్లో కూడా దూరారు చూడు, పాపిష్టి వెధవలు!

రెండిటినీ పీకేశాను. నీ ప్రోగ్రాం ఒకసారి కాదు, మూడుసార్లు నడిపాను. ఇప్పుడు చెయ్యి పెడితే చల్లగా ఉంది. నంబర్లన్నీ భద్రం. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

పక్కింటి నర్సుగారికి ఫోన్ చేసి కంప్యూటర్ ఆపించింది నేనే. దాన్ని మళ్ళీ ముట్టుకోకు. మెకానిక్‌ని బతిమాలి డిస్కు విప్పించి, ఈరోజే కొరియర్‌లో పంపు. ఎందుకని ఇప్పుడు అడగకు.

నీ తమ్ముడు

*

ప్రియమైన అక్కకి,

తొమ్మిది రోజులు కూర్చున్నాను. నాకంటే తెలిసినవాళ్ళ దగ్గరికీ తీసుకెళ్ళాను. రాలేదక్కా.

రెండోది దొంగ కాదు. అది బావ నీకోసం తీసుకున్న వీడియో. నువ్వు చదవగలిగేలా కెమెరా ముందు కూర్చుని, మెల్లగా, పెదాలు బాగా కదిపి మాట్లాడాడట. డాక్టర్లు ఆయనకి ముందే చెప్పేశారు. ఏం దాచినా నువ్వు సోదా చేసి లాగుతావని, ఎలా దాచాలో మర్నాడు ఫోన్‌లో నన్నడిగాడు. సిస్టమ్ ఫైలు పేరు పెట్టమని నేర్పింది నేనే. ఏడాది నిండాక నీకు చెప్పమన్నాడు. "ఇప్పుడైతే మీ అక్క ఏడుస్తూ కూర్చుంటుంది, కళ్ళనిండా నీళ్ళుంటే పెదాలెలా చదువుతుంది?" అన్నాడు.

నువ్వు ఉత్తరం రాసిన రోజు షాపులో తీరిక లేక, అందరికీ ఇచ్చే కాగితమే నీకూ మడిచి పంపాను. ఆ వీడియో సంగతి నా బుర్రకి తట్టనే లేదు. ఇంకొక్క నెల ఆగితే సరిపోయేది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ రోజు బావ నాతో మాట్లాడలేదు. నన్ను రావద్దని ఏనాడూ అనలేదు, రమ్మనే అన్నాడు. పని ఉందని నేనే వాయిదా వేశాను. నువ్వు తప్పు ఆయన మీద వేస్తుంటే నా తప్పు కప్పబడిపోతోందని నోరు మూసుకున్నాను. నాకు సిగ్గుగా ఉందక్కా.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నాలుగు రోజులు నీకు రాయలేదు. నిన్ను తిట్టని తిట్టు లేదు. తర్వాత నా చేతుల్ని తిట్టుకున్నాను. ఆ ప్రోగ్రాం మూడుసార్లు నడిపింది ఇవే కదా. షాపు తాళం వేసి ఆయన కుర్చీలో కూర్చుని పెద్దగా ఏడ్చానట, నర్సుగారు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు.

ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా అద్దం తలుపు. అప్పుడు తట్టిందిరా. ఆ రోజు ఆయన నీతో మాట్లాడకపోతే, నేను చదివిన మాటలు ఎవరితో అన్నట్టు?

నాతోనే. ఆయన అప్పుడు తీస్తున్నది ఆ వీడియోనే. ఆ వీడియోలో నాకు మిగిలినవి ఆ మూడు మాటలు. పదకొండు నెలలు కోపంతో పట్టుకు తిరిగాను కాబట్టి ఒక్క అక్షరం మర్చిపోలేదు.

నీకెప్పుడూ చెప్పలేదు. ఆయన పోయిన కొత్తలో అన్నం మానేసి, నేనూ ఆయన వెనకే పోవాలని పడుకున్న రోజులున్నాయి. నేను అలా చేస్తానని ఆయనకి ముందే తెలుసన్నమాట.

"తొందరపడి రాకు. నిదానంగా రా. నేనెక్కడికీ పోను."

డిస్కు తీసుకుని ఈ ఆదివారం రా. కంటి నంబర్ల కోసం జనం తిరుగుతున్నారు. నువ్వు మాత్రం ఈసారి ఆలస్యం చెయ్యకు.

నీ అక్క