మావయ్య ఫోన్లోని చెరుకుతోట

మంగళవారం, రాత్రి

ఇకమీదట ఎవరికీ ఫోన్ మార్చమని సలహా ఇవ్వను. మావయ్య ఫోన్ మరీ నెమ్మదిగా ఉందని నేనే పట్టుబట్టి ఫైవ్ జీ ఫోన్ కొనిపించాను. పాతదాన్ని అనకాపల్లి షాపులోనే మొత్తం తుడిచేసి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. ఫోటోలు, నంబర్లు అన్నీ ఎక్కించానని గొప్పగా కూడా చెప్పుకున్నాను.

మునగపాకలో వాళ్లింటికెళ్లి కొత్త ఫోన్ ఆయన చేతికిస్తే కాసేపు అటూ ఇటూ చూసి, "బాబూ, నా పొలం ఏదీ?" అన్నారు. వ్యవసాయం గేమ్. మోకాళ్లు పట్టేసి అసలు పొలం కౌలుకిచ్చిన దగ్గర్నుంచి రోజూ ఆడుతున్నారట. లాగిన్ అవకుండానే ఆడేవారు కాబట్టి అది తిరిగి రాదు.

"ఆటే కదా మావయ్యా, మళ్లీ మొదలెట్టండి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో.

"సెరుకు కోతకొచ్చింది బాబూ. రేపు కోద్దారని ఆగేను" అన్నారు.

వచ్చేముందు గేమ్ మళ్లీ ఎక్కించాను. కొత్త పొలం, ఖాళీ మళ్లు, ఏ పంట వేస్తారని అడుగుతోంది. ఆయన చాలాసేపు చూసి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"దీన్ని కూడా ఎవరికైనా కౌలుకిచ్చెయ్ బాబూ."