మూడు కాళ్ళ అక్షరం

అన్నయ్యా,

నేను చిట్టిని. నువ్వు వెళ్ళి పదకొండు నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం... ఉన్నామనే అనుకోవాలి. వదిన ఈమధ్యే కాస్త తింటోంది. పడవ పోయిన నెల దాకా నీ కొడుకు దావీదు నడిపాడు. నేను ఎప్పటిలాగే పొద్దున్నే అంగన్‌వాడీ తాళం తీసి, పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి, రిజిస్టర్లు రాసుకుంటున్నాను. ఎవర్నీ నమ్మకుండా బతుకుతున్నాను. అది నీకు తెలిసిందే.

కంటివాళ్ళు పోయిన నెల మళ్ళీ వచ్చారు.

అదే రాజమండ్రి జట్టు, అవే పెట్టెలు, మళ్ళీ మన బళ్ళోనే మకాం. ఈసారి కళ్ళజోళ్ళు ఇచ్చేసి వెళ్ళిపోవడానికి రాలేదట. గోదావరి లంకల్లో జనానికి చూపు ఎందుకు పోతోందో పరిశోధన చేస్తున్నారట. చెయ్యనీ, నాకేం? కానీ రేవులో దిగగానే వాళ్ళు అడిగిన మొదటి ఇల్లు మనదే. లంకలో ఇన్ని ఇళ్ళుండగా మన ఇల్లే ఎందుకు?

ఆ పిల్లే వచ్చింది. నిన్ను బాబాయ్ గారూ అని పిలిచేదే, కంటి పరీక్ష చేసే అమ్మాయి. చేతిలో కాగితం, కాగితం మీద నీ పేరు. నువ్వు లేవని చెబితే ఆ కాగితం మడిచి, మళ్ళీ విప్పింది. అది కూడా నాకు నచ్చలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. నాన్నకి చివర్లో చూపు ఉండేదా, తాతకి ఉండేదా, అమ్మా నాన్నా మేనరికమా, నీదీ వదినదీ మేనరికమా... కళ్ళు చూడటానికి వచ్చినవాళ్ళకి మన మేనరికాలతో పనేంటి, నువ్వే చెప్పు? నాకేమీ తెలియదండి అనేశాను. ఈ లంకలో ఎవరు ఎవరికి ఏమవుతారో గడపగడపకీ తిరిగి రాసుకునేదాన్ని నేనే. నాకేమీ తెలియదన్నాను!

ఆ పిల్ల నమ్మలేదు. మన ఇంటి మాట నమ్మకూడదని దానికి నేర్పింది మనమే కదా, అన్నయ్యా.

మూడేళ్ళ కిందట వాళ్ళు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? మధ్యాహ్నం నువ్వు మా ఇంటికి దొడ్డిదారిన వచ్చావు. "చిట్టీ, చూపు పరీక్షకి గోడకి పెట్టిన ఆ అట్ట మీద ఏముందో చూసి రావే. నాకు కాస్త అలుక్కుపోయినట్టు కనపడుతోంది. చూపు లేదని తెలిసిందంటే పడవ ఇంకొకడి చేతికిచ్చేస్తారు" అన్నావు. కాస్త అన్నావు. ఎంత కాస్తో నేను అడగలేదు.

వెళ్ళాను. బళ్ళో నీళ్ళ బిందెలు సర్దుతున్నట్టు నటిస్తూ అట్టంతా బట్టీ పట్టాను. దాని మీద ఉన్నది ఒక్కటే ఇంగ్లీషు అక్షరం, మూడు కాళ్ళది. వరస వరసకీ చిన్నదైపోతూ, ఒక్కోచోట ఒక్కోవైపుకి కాళ్ళు చాపుకుని ఉంటుంది. కాళ్ళు ఎటున్నాయో చెబితే చాలు, చదువు అక్కర్లేదు. అరటితోటలో నిన్ను కూర్చోబెట్టి వల్లె వేయించాను. నీకు కుడి ఎడమలు ఎప్పుడు వచ్చాయి గనక? ఏటి మీద పెరిగినవాడివి. పోలవరం వైపు ఎగువ, సముద్రం వైపు దిగువ, నీకు తెలిసిన దిక్కులు అవే. అలాగే నేర్పాను. ఎగువ, నేల, దిగువ, దిగువ, ఆకాశం...

నువ్వు గడగడా అప్పజెప్పేశావు. ఎగువేంటి బాబాయ్ గారూ అంటూ ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. చూపు బ్రహ్మాండంగా ఉందని రాసేసింది. ఆ సాయంత్రం వదిన చేత రొయ్యల ఇగురు చేయించుకుని తిన్నాం. "మా చిట్టి ఉండగా నాకు కళ్ళెందుకే" అన్నావు. నేను ఎంత పొంగిపోయానో!

మరుసటేడు వాళ్ళు వచ్చినప్పుడు కొంప మునిగింది. అట్టని ఎదురుగోడకి పెట్టారు. ఆ గోడకేసి తిరిగి కూర్చుంటే, అంతకుముందు కుడిచేతి వైపు ఉన్న ఎగువ ఎడమచేతి వైపుకి వస్తుంది కదా... నేను ఆ పూట మీటింగ్‌కి ఏరు దాటి వెళ్ళాను, చూసుకోలేదు. నువ్వేమో పాత పాఠమే చెప్పావు. ఆకాశం, నేల సరిపోయాయి. ఎగువలూ దిగువలూ అన్నీ తారుమారు. ఆ పిల్ల నవ్వడం ఆపేసింది. కంట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. నీటికాసులు అనిపిస్తోంది బాబాయ్ గారూ, నొప్పి ఉండదు, చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది, పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా కాపాడుకోవాలి, రాజమండ్రి రండి అని చీటీ రాసిచ్చింది.

నువ్వు ఆ చీటీ తెచ్చి నన్ను అడిగావు. వద్దన్నాను. ఇప్పుడైనా నిజం రాయాలి కదా... వద్దన్నది నేనే. నొప్పి లేని జబ్బేంటి, అక్కడికి తీసుకెళ్ళి ఏ ప్రయోగాలు చేస్తారో, ముందు పంచాయతీకి చెప్పి నీ పడవ లాగేసుకుంటారు అన్నాను. "నువ్వన్నదీ నిజమేలే" అన్నావు. చదువుకున్న ఆ పిల్ల మాట కంటే నా మాటే నీకు ఎక్కువైంది.

తర్వాత ఆ రోజు. వరద తీసి వారమైంది, పొద్దున ఎనిమిదింటి వేళ. పడవ ఎక్కే బల్లని ఎప్పుడూ వేసేచోట కాకుండా కొంచెం పక్కకి వేశారట, అంతే. నువ్వు బల్ల లేనిచోట కాలు పెట్టావు. పడవ అంచు తలకి తగిలింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు, ఒక్క మాటా లేదు. కాలు జారిందని అందరూ అన్నారు. పాస్టరుగారు ప్రార్థనలో కూడా అదే అన్నారు. నేనూ తల ఊపాను.

జారిందా అన్నయ్యా? ముప్పై ఏళ్ళు ఎక్కి దిగిన పడవ... జారిందా, కనపడలేదా?

ఇన్నాళ్ళూ అందర్నీ అనుమానించాను. బల్ల వేసినవాణ్ణి, ఆసుపత్రివాళ్ళని, చివరికి వదినని కూడా... ఆ పూట నీకు టిఫిన్ పెట్టకుండా పంపిందేమో, కళ్ళు తిరిగాయేమో అని. నన్ను మాత్రం అనుమానించుకోలేదు.

కొన్నాళ్ళుగా నీ కొడుకుని కనిపెట్టి చూస్తున్నాను. పక్కనే ఉన్న చెంబుని తన్నేస్తున్నాడు. చర్చిలో పక్కవాళ్ళు చెయ్యి చాపితే అందుకోడు, పొగరనుకుంటున్నారు. నిన్నూ అలాగే అనుకునేవారు కదూ? నా దగ్గర గుడ్లు తిని పెరిగిన పిల్లలంతా అప్పుడు వాడి పడవలోనే ఏరు దాటి హైస్కూలుకి వెళ్ళేవారు.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాడు వచ్చాడు. రేపు నన్ను పరీక్షకి పిలిచారత్తా, నాన్నకి చెప్పినట్టే నాకూ చెప్పవా అన్నాడు. వాడికెలా తెలుసు? ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చి, వాడికి నువ్వే చెప్పావా?

నీ మీద కోపం వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. చెబుతాను కూర్చోరా అన్నాను.

బడికి వెళ్ళి చూసొచ్చాను. అట్ట ఈసారి మొదటి గోడకే ఉంది. పై రెండు వరసలూ ఉన్నవి ఉన్నట్టే నేర్పాను. అవి పెద్దవి, వాడికి కనపడతాయి, తేడా వస్తే నన్ను అనుమానిస్తాడు. నా మేనల్లుడు కదా మరి! మూడో వరస నుంచి ఎగువని దిగువ చేశాను, దిగువని ఎగువ చేశాను. నీకు పొరపాటున జరిగింది వాడికి కావాలని చేశాను. చూపుంటే చూసిందే చెబుతాడు, తప్పు నేర్పావేంటత్తా అని వచ్చి నాతో దెబ్బలాడతాడు. దెబ్బలాడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

సోమవారం బడి వరండాలో నిలబడ్డాను. మొదటి రెండు వరసలూ సరిగ్గా చెప్పాడు. మూడోది మొదలుపెట్టాడు. నేను నేర్పింది నేర్పినట్టు, ఒక్కటి పొల్లుపోకుండా, అన్నీ తప్పులే. నీ గొంతే అన్నయ్యా... అదే ధీమా.

ఆ పిల్ల వాడికేసి చూడలేదు. గుమ్మం దగ్గరున్న నాకేసి చూసింది. లోపలికి వెళ్ళి అన్నీ చెప్పేశాను. మన మేనరికాలు, తాత గోడ తడుముకుంటూ నడవడం, నాన్న ఆఖరి రోజులు, నీ బట్టీ, నా పాఠం. అన్నీ రాసుకుంది. ఆ రాతలన్నీ ఏం చేసుకుంటారో... ఇప్పటికీ నాకు పూర్తి నమ్మకం లేదు. సంతకం పెట్టమంటే ప్రతి కాగితమూ రెండుసార్లు చదివాకే పెట్టాను.

దావీదుని రాజమండ్రి తీసుకెళ్ళాం. దూరపు చూపుకి అద్దాలిచ్చారు. నీటికాసులు వాడికీ ఉంది, వంశంలో వచ్చేదేనట. కానీ చాలా చూపు మిగిలే ఉందట, రోజూ చుక్కల మందు వేసుకుంటే నిలబెట్టుకోవచ్చట. డాక్టర్లు సరేననేదాకా పడవ ఇంజను ముట్టుకోకూడదన్నారు. ఇప్పుడు వదిన తమ్ముడు నడుపుతున్నాడు. నా కొడుకు నోటి దగ్గర కూడు తీసేశావని వదిన నా మొహం మీదే అంది. వాడైతే నాతో మాటలే మానేశాడు.

అయినా మందు వేసేది నేనే. చుక్క కంట్లో పడిందో బుగ్గ మీద పడిందో ఇంకొకరు చూస్తారని నాకు నమ్మకం లేదు. పొద్దున్నే వెళ్తాను. మొహం పైకెత్తి, అటెటో చూస్తూ కూర్చుంటాడు. రెండు కళ్ళలోనూ వేసి వచ్చేస్తాను.

నీకు తప్పు లేకుండా నేర్పాను అన్నయ్యా. ఆ మొదటి రోజే ఒక్కటి తప్పు నేర్పి ఉంటే...

వదినకి నీ సంగతి ఇంకా తెలియదు. కాలు జారిందనే అనుకుంటోంది. రేపు చెబుతాను. జారలేదని, నీకు కనపడలేదని, కనపడదని నాకు ముందే తెలుసని. ఆ తర్వాత నన్ను గడప తొక్కనిస్తుందో లేదో. తొక్కనివ్వకపోతే, మందు వేళకి వాకిట్లోనే నిలబడతాను. వాడు బయటికొచ్చి మొహం పైకెత్తేదాకా కదలను. ఇది నీకిస్తున్న మాట.

నీ చెల్లెలు
చిట్టి