ఇగ ఉంట

కందుకూరు,
మే 2021

సుమలతా, నా తల్లీ,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు. పాల వ్యాను ఉపేందర్‌తో పంపిన సర్వపిండి డబ్బా మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది. శంషాబాద్ దాకా పోయి విమానాలు చూసి వచ్చినట్టుంది.

కరోనా వార్డులో నర్సువి. నాకు అంటుతుందని ఇంటికి రావడం మానేసి, అక్కడే ఆసుపత్రి హాస్టల్లో ఉంటున్నావు. ఫోన్లో ఏమడిగినా "మంచిగనే ఉన్న అమ్మమ్మా" అంటావు. అందుకే ఈ ఉత్తరం. నోటితో ఆడినంత సులువుగా చేత్తో అబద్ధం రాయలేవు, అందులోనూ రిటైరైన తెలుగు పంతులమ్మకు.

ఇంకో సంగతి. చిన్నప్పటి నుంచి ఫోన్ పెట్టేముందు "ఇగ ఉంట అమ్మమ్మా" అంటావు, నేను "ఉండు బిడ్డా" అంటాను. ఈ మధ్య ఆ మాట రావడం లేదు, ఫోనే కట్టవుతోంది. ఇన్నాళ్ళూ సిగ్నల్‌ను తిట్టాను. పాపం, దాని తప్పేమీ లేదని నిన్న డబ్బా తిరిగొచ్చాక అర్థమైంది. ఏమైందో రాయి.

నీ అమ్మమ్మ,
స్వరాజ్యం

*

అమ్మమ్మా,

నీకు దొరికిపోతానని తెలుసు.

మా వార్డులో యాదయ్య అని, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే ఆయన ఉండేవాడు. వెంటిలేటర్ పెట్టేముందు ఇంటికి వీడియో కాల్ కలిపి, ఫోన్ నేనే పట్టుకున్నాను. బర్రెకు గడ్డి వేసినవా అని భార్యను అడిగాడు. చివరికి "ఇగ ఉంట" అన్నాడు. ఆమె "మంచిది, ఉండు" అన్నది.

ఆయన ఉండలేదు.

ఫోన్ నా చేతిలో ఉంది కదా, ఆ "ఉండు" నాకే అప్పజెప్పినట్టు అనిపిస్తోంది. నీతో "ఇగ ఉంట" అనాల్సి వచ్చేసరికి ఫోన్ కట్ చేసేస్తున్నాను. నిద్ర లేదు. సూది పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి. హాస్టల్ మీదుగా విమానం పోతే ఆక్సిజన్ అలారం అనుకుని లేచి పరుగెత్తుతున్నాను. మా ఇన్‌ఛార్జి ముబష్షిరా అక్క సైకియాట్రిస్టును కలవమంటోంది. పిచ్చిదన్న పేరొస్తుందని పోలేదు. ఉద్యోగమే మానేద్దామనుకుంటున్నాను.

సుమ

*

సుమా,

నీ ఉత్తరంలో ఒక తప్పుంది, ఎర్ర సిరాతో దిద్దుతున్నాను. ఆమె "ఉండు" అన్నది యాదయ్యను. ఆ క్రియకు కర్త ఆయన, నువ్వు కాదు. ఆ వాక్యంలో నువ్వసలు లేవు, ఫోన్ పట్టుకున్నావు, అంతే. ఆ "అంతే" లేకపోతే ఆమెకు ఆ బర్రె ముచ్చట కూడా దక్కేది కాదు.

ఇక పిచ్చిదన్న పేరు. నాకు మోకాళ్ళ డాక్టరు, షుగర్ డాక్టరు, కళ్ళ డాక్టరు ఉన్నారు. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళ గురించి గంటసేపు గొప్పలు చెబుతాను. నీకు ఒక్క డాక్టరుంటే సిగ్గేమిటే? ముబష్షిరాను వెంటబెట్టుకుని పో. ఉద్యోగం సంగతి కంటినిండా నిద్రపోయి లేచాక తేల్చుకో. మానేసినా నా మనవరాలివే. నిద్ర లేని బుర్ర చేసిన తీర్మానాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

సర్వపిండి మళ్ళీ పంపుతున్నాను. ఈసారి తిరిగొస్తే దాని వెనకాల నేనే వస్తాను.

స్వరాజ్యం

*

అమ్మమ్మా,

పోయాను. ముబష్షిరా అక్క బయట కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ ముందు చాలాసేపు ఏడ్చాను. ఆవిడ ఏమీ కంగారు పడలేదు, మా వార్డు నుంచి వచ్చినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాదట. ఆ డాక్టరమ్మ దగ్గరికి తాను కూడా పోయినట్టు తిరిగొస్తుంటే అక్క చెప్పింది. ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం "మంచిగనే ఉన్న" అనుకున్నాం.

మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్ళు సెలవు, తర్వాత టీకాల గదిలో పేర్లు రాసుకునే డ్యూటీ. చేతులు ఇంకా కొంచెం వణుకుతున్నాయి, రాత చూస్తే నీకే తెలుస్తుంది. ఉద్యోగం ఇప్పుడే మానను. డబ్బా ఖాళీగా పంపుతున్నాను. అంతా నేనే తినలేదు, అక్క సగం లాక్కుంది.

ఫోన్లో ఆ మాట ఇంకా రావడం లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఇగ ఉంట అమ్మమ్మా,
సుమ

*

సుమా,

రాత వంకరే. వాక్యంలో తప్పు లేదు. ఉంట, భవిష్యత్కాలం. పూర్తి మార్కులు వేశాను. ఆశీస్సులు కూడా.

ఉండు బిడ్డా.

అమ్మమ్మ